ఒక కొబ్బరి, రెండు ఆకళ్లు

కోనసీమలో కొబ్బరిచెట్టు కింద నిలబడి తలెత్తేవాళ్లు రెండు రకాలు. ఎక్కువమంది కాయలు లెక్కపెడతారు. కొద్దిమంది కమ్మలు చూస్తారు. దింపుకి చెట్టెక్కేవాళ్లు, తాతల నాటి తోటని స్వయంగా చూసుకునే రైతులు ఈ రెండో రకం. కాయలు చూస్తే ఈ దింపులో ఎంతొస్తుందో తెలుస్తుంది. కమ్మలు చూస్తే వచ్చే ఏడాది ఏం రాబోతోందో తెలుస్తుంది. ఏ కమ్మ మీద గాటు పడింది, ఏ వరస ఎండుమొహం పట్టింది అన్నది చూసి, ఆ తోటలో ఎవరు కాపురం పెట్టారో కిందనుంచే చెప్పేస్తారు.

అలా కాపురం పెట్టేవాళ్లలో ముఖ్యులు ఇద్దరు. ఒకటి పెంకు పురుగు. నల్లగా నిగనిగలాడుతూ తలమీద కొమ్ముతో ఉంటుంది కాబట్టి కొమ్ము పురుగు అంటారు. రెండోది రెక్కల పురుగు. బూడిదరంగులో, గోడమీద వాలినా ఎవరూ పట్టించుకోనంత మామూలుగా ఉంటుంది. పేరుమోసింది అది కాదు, దాని పిల్ల. తోటలు ఎండగొట్టే నల్లతల గొంగళి పురుగు అదే.

రెండిటిదీ ఒకే ఏటిగట్టు, చాలాసార్లు ఒకే తోట, ఒక్కోసారి ఒకే చెట్టు. అయినా ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పనికిరాదు. కొమ్ము పురుగు చిన్నప్పుడు ఎవరి జోలికీ పోదు, రెక్కలొచ్చాకే చెట్టుమీద పడుతుంది. రెక్కల పురుగు చిన్నప్పుడే చెట్టుని తినేస్తుంది, రెక్కలొచ్చాక ఆకు కొరకదు. ఈ ఒక్క తేడా తెలియకనే కోనసీమలో ఎంతో మందు, ఎంతో డబ్బు అక్కర్లేని చోట కుమ్మరిస్తున్నారు.

ధవళేశ్వరం దిగాక గోదావరి ఒక నదిగా ఉండదు. తూర్పున గౌతమి, పడమట వశిష్ట. వశిష్ట నుంచి చీలి మధ్యలో వైనతేయ. గౌతమి యానాం పక్కగా పోయి సముద్రంలో కలుస్తుంది. వైనతేయ ఓడలరేవు దగ్గర, వశిష్ట అంతర్వేది దగ్గర కలుస్తాయి. గౌతమికీ వశిష్టకీ నడుమ ఉన్న నేలే కోనసీమ. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా జిల్లా అయింది గానీ, జనం నోట అంతకు ఎంతో ముందునుంచే ఇది వేరే సీమ. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెంలో దిగితే చాలు, ఆకాశం ముక్కలుముక్కలుగా కనిపించడం మొదలవుతుంది. పల్లంలో వరి, మెరకన కొబ్బరి. కొబ్బరి కింద అరటి, కోకో, పోక, కంద. ఒక రైతు తోట ఎక్కడ అయిపోయిందో, పక్కవాళ్లది ఎక్కడ మొదలైందో చెప్పాలంటే మధ్యనున్న బోదె కాలువని చూడాలి. పైన మాత్రం సరిహద్దు లేదు. ఈ కమ్మ ఆ కమ్మని తాకుతూనే ఉంటుంది.

పురుగులకి కావాల్సింది సరిగ్గా ఇదే.

కొమ్ము పురుగు పొద్దుగూకాక బయల్దేరుతుంది. ఒళ్లు బరువు కాబట్టి ఎగిరితే చప్పుడు వినబడుతుంది. వీధిదీపానికి కొట్టుకుని, వరండాలో వెల్లకిలా పడి కాళ్లాడిస్తూ, పొద్దున్నే చీపురు కింద దొరికేది చాలాసార్లు ఇదే. మూడున్నర నుంచి అయిదు సెంటీమీటర్ల పొడవు. మగదానికి కొమ్ము పొడుగు, ఆడదానికి పొట్టి. ఆడదాని పొట్ట చివర ఎర్రటి నూగు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే కాళ్లకున్న ముళ్లు చర్మాన్ని గట్టిగానే పట్టుకుంటాయి.

దానికి మొవ్వు కావాలి. అంటే ఇంకా విచ్చుకోని లేత ఆకు. కమ్మల మొదళ్ల సందులో దూరి లోపలికి తొలుచుకుంటూ పోతుంది. నారని మింగదు. నమిలి, రసం పీల్చి, పిప్పిని బయటికి నెట్టేస్తుంది. "మొవ్వులో పొట్టు కనపడతందండీ" అని పైనుంచి దింపు కార్మికుడు కేకేస్తే కిందున్న రైతుకి విషయం అర్థమైపోతుంది. అయితే దాని పని మనకి బాగా కనిపించేది కొన్ని నెలలు పోయాక, ఆ ఆకు విచ్చుకున్నప్పుడు. పిల్లలు కాగితాన్ని మడతమీద మడత పెట్టి కత్తెరతో ఒక్క మూల కత్తిరించి విప్పుతారు చూడండి, రెండువైపులా ఒకే ఆకారం వస్తుంది. మొవ్వులో ఆకు కూడా మడతలుగానే ఉంటుంది. పురుగు పెట్టింది ఒక్క కంతే. ఆకు విప్పారాక రెండు పక్కలా వి ఆకారంలో గాట్లు, అంగుళం తేడా లేకుండా.

కమ్మలు చూసేవాళ్ల విద్య ఇక్కడ పనికొస్తుంది. కొబ్బరి సుమారు నెలకొక కమ్మ వేస్తుంది, ఏడాదికి పన్నెండు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు తలమీద 30, 35 కమ్మలుంటాయి. అంటే గాటుపడిన కమ్మ రెండున్నర, మూడేళ్లు అక్కడే ఉంటుంది. దాచుదామన్నా దాగదు. పైనుంచి అది ఎన్నో కమ్మో లెక్కపెడితే, కాస్త అటూఇటూగా పురుగు ఎప్పుడు దిగిందో తేలిపోతుంది. ఎక్కడో ఒక్క కమ్మకి గాటుంటే దారినపోయే పురుగు వచ్చి వెళ్లిందనుకోవచ్చు. వరసగా మూడు నాలుగు కమ్మలకి ఉంటే మాత్రం దాని పుట్టిల్లు దగ్గర్లోనే ఉంది.

ఆ పుట్టిల్లు సాధారణంగా రైతు దొడ్లోనే ఉంటుంది. పెంటపోగు.

చెట్టుని ఇంత పాడుచేసే ఈ పురుగు చిన్నతనమంతా చెట్టువైపు కన్నెత్తి చూడదు. తల్లి గుడ్లు పెట్టేది పశువుల పెంటలో, కుళ్లిన కొబ్బరి మోడులో, నానిన పీచు పొట్టు గుట్టల్లో. పది రోజులకి అటూఇటూగా అవి పొదుగుతాయి. గోధుమరంగు తల, తెల్లటి లావుపాటి ఒళ్లు, అర్ధచంద్రంలా వంగి పడుకునే పిల్లపురుగు. నాలుగైదు నెలలు, తిండి బాగోకపోతే అంతకంటే ఎక్కువే, కుళ్లినదాన్ని తింటూ బొటనవేలికన్నా లావుగా ఎదుగుతుంది. నిజానికి ఈ దశలో అది రైతుకి చేసేది మేలే. మోడుని మట్టి చేస్తుంది, పెంటని ఎరువు చేస్తుంది. పెంట తిరగేసినప్పుడు బయటపడితే కోళ్లకి, కాకులకి పండగ. తిరగేయకపోతే అక్కడే గూడు కట్టుకుని, మూడు వారాల్లో పెంకుతో, రెక్కలతో, కొమ్ముతో బయటికొస్తుంది. ఆ తరవాత కొన్ని నెలలపాటు బతుకుతుంది. బతికినన్నాళ్లూ మొవ్వులోనే భోజనం.

చిత్రం ఏమిటంటే, ఏ చెట్టుకి ఎరువేద్దామని రైతు పెంట పోగేశాడో ఆ చెట్టు మొవ్వుని తినే పురుగు ఆ పెంటలోనే పెరుగుతుంది. ఇందులో పురుగు తప్పు నాకేమీ కనిపించదు. మనం వండి వడ్డించాం, అది తింది.

రెక్కల పురుగు సంగతి చూడాలంటే పైకి చూస్తే చాలదు. ఎండు మొహం పట్టిన కింది కమ్మ ఒకటి కోయించి, ఆకుని వెనక్కి తిప్పాలి. ఈనె పక్కనే పొడుగ్గా, గోధుమరంగులో ఒక గొట్టం అంటుకుని ఉంటుంది. వేలితో గీస్తే పొడిపొడిగా రాలుతుంది, అయినా పూర్తిగా ఊడిరాదు. సన్నటి పట్టుపోగులు దాన్ని పట్టి ఉంచుతాయి. ఆ పొడి ఏదో కాదు, పురుగు విసర్జనే. తన మలాన్ని తన నోటి దారంతో కలిపి కట్టుకున్న ఇల్లది. గొట్టాన్ని నిలువుగా చీలిస్తే లోపల ఆకుపచ్చటి ఒళ్లు, పొడవునా గోధుమ చారలు, నల్లటి తల. ముట్టుకుంటే చురుగ్గా మెలికలు తిరిగి గొట్టంలో ఇంకో చివరికి జారుకుంటుంది. ఆకు పైపొర జోలికి పోదు. కిందినుంచి పచ్చదనాన్ని గీకి తింటుంది. అందుకే ఆకు ఆకారం చెడదు, రంగే పోతుంది.

మొదట కింది వరసలు, అంటే ముసలి కమ్మలు. అక్కడినుంచి పైకి. ఉధృతంగా ఉన్నప్పుడు మొవ్వు చుట్టూ నాలుగైదు కమ్మలు పచ్చగా మిగిలి తతిమ్మా చెట్టంతా మాడిపోతుంది. దూరంనుంచి చూసినవాళ్లు తోట తగలబడిందనుకుంటారు. అలా దెబ్బతిన్న తోటలో మరుసటేడు కాపు దాదాపు సగానికి పడిపోవచ్చు. చెట్టు చావదు. కానీ కోలుకోవాలంటే కొత్త కమ్మలు ఒక్కొక్కటే రావాలి, నెలకి ఒకటి చొప్పున.

గుడ్డు అయిదు రోజులు, గొంగళి నలభై రోజులు, గూడు పన్నెండు రోజులు. మొత్తం రెండు నెలల్లోపే ఒక తరం పూర్తవుతుంది. కొమ్ము పురుగు పెంటలో ఒక్క బాల్యం గడిపేలోపు ఇక్కడ రెండు మూడు తరాలు పుట్టి పెరుగుతాయి. ఒక్కో తల్లి నూరుకి పైగా గుడ్లు పెడుతుంది, అదీ ఎక్కువగా పాత గొట్టాల పక్కనే. తల్లి మాత్రం ఆకు కొరకదు. దానికి నమిలే నోరే లేదు. పగలంతా కమ్మల నీడన కదలకుండా ఉండి, చీకటిపడ్డాక పని చూసుకుని, కొద్ది రోజుల్లో పోతుంది.

ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ చెట్టుని పంచుకున్నట్టే ఉంటుంది. ఒకటి ఇంకా పుట్టని ఆకుని తింటుంది, ఒకటి వయసైపోతున్న ఆకుని. ఒకటి ఒంటరి, చెట్టుకి ఒకటో రెండో చాలు. ఒకటి గుంపు, వందల్లో ఉంటేగాని మనకి కనబడదు. కొమ్ము పురుగు ఏడాది పొడుగునా ఉన్నా వానాకాలంలో జోరెక్కువ. గొంగళిది ఎండాకాలం, మాఘఫాల్గుణాలనుంచి వానలు పడేదాకా. తొలకరి గట్టిగా పడితే దాని ఉధృతి తగ్గుతుంది. అదే వానతో కొమ్ము పురుగుకి ఊపొస్తుంది. చెట్టుకి మధ్యలో ఊపిరి తీసుకునే సమయం ఎంత దొరుకుతుందో మీరే చూసుకోండి.

ఇంకో తేడా ఉంది, రైతు కళ్లతో చూస్తే అన్నిటికంటే పెద్దది. గొంగళి చేసిన గాయం అక్కడితో ఆగుతుంది. కొమ్ము పురుగు చేసిన గాయం తలుపు తీసి ఉంచుతుంది. ఆ కంతనుంచి కారే రసం వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది. అదీ పెంకు పురుగే, వీటిలో అసలు హంతకురాలు అదే. గాయంలో గుడ్లు పెడితే పిల్లలు కాండాన్ని లోపల్లోపలే తినేస్తాయి. బయటికి తెలిసేసరికి మొవ్వు వాలిపోతుంది. లేత తోటల్లో, అయిదేళ్లనుంచి ఇరవయ్యేళ్ల చెట్లలో ఈ ప్రమాదం ఎక్కువ. కొమ్ము పురుగుని తేలిగ్గా తీసుకోకూడదనేది అందుకే. రెండు ఆకులు పోతే పోనీలే అనుకుంటే, మూడోది చెట్టే అవుతుంది.

ఏటిపక్క తోటలకే ఈ బెడద ఎందుకెక్కువ అన్నదానికి సమాధానం చాలావరకు పైనే చెప్పాను. తీరప్రాంతాల్లో, నీటిపక్క మెరకల్లో కొబ్బరి ఎడతెగకుండా ఉంటుంది. రెక్కల పురుగు బలమైన ఎగురుడుగత్తె కాదు, చెట్టునుంచి చెట్టుకి పోతే చాలు. దూరం పోవాలంటే మనమే మోస్తాం, సోకిన కమ్మల్ని పందిళ్లకీ పాకలకీ బండెక్కించి. కొమ్ము పురుగుకి లంకల్లో పశువులున్నాయి, పెంట ఉంది, వరద తెచ్చిపెట్టిన చెత్త ఉంది, పడిపోయిన చెట్లున్నాయి.

పడిపోయిన చెట్లంటే కోనసీమలో ఒక తేదీ చెప్పాలి. 1996 నవంబరు 6. ఆ రాత్రి తుపాను గౌతమి వైపునుంచి తీరం దాటింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి, లక్షలాది కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. అప్పటి తోట మళ్లీ కాపుకి రావడానికి ఎంత కాలం పట్టిందో ఆ తరం రైతులకి తెలుసు. తుపాను నష్టం లెక్కలో పురుగు ఉండదు. కానీ పడిన మోడుని అలాగే వదిలేస్తే దానిలో తయారయ్యేది కొమ్ము పురుగే. నిలిచిన చెట్లమీద పడేది కూడా అదే. ఇక్కడే కాదు, కొబ్బరి ఉన్న ఏ తీరంలోనైనా పెనుగాలి తరవాత చేయాల్సిన మొదటి పని మోడులు తీసేయడం. రోడ్డుమీదివి తీస్తాం. తోటలో మూలనున్నవి ఎవరికీ అడ్డం కాదు కాబట్టి ఉండిపోతాయి.

ఈ పురుగు ఎంత దూరం పోగలదో తెలుసుకోవాలంటే పసిఫిక్ దీవులు చూడాలి. 1909లో అప్పటి సిలోన్ నుంచి రబ్బరు మొక్కలతోపాటు సమోవాకి చేరింది. దాన్ని తినే శత్రువు అక్కడ ఏదీ లేదు. తోటలు నాశనమయ్యాయి. 1963లో మలేషియాలో హ్యూగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పురుగుకే సోకే ఒక వైరస్‌ని కనిపెట్టాడు. 1967లో దాన్ని పశ్చిమ సమోవాలో వదిలితే పురుగుల సంఖ్య బాగా పడిపోయింది. కథ అక్కడితో సుఖాంతం అనుకున్నారు. 2007లో గువామ్‌లో, 2013లో హవాయిలో కొమ్ము పురుగు మళ్లీ దిగింది. ఈసారి వచ్చిన రకానికి ఆ వైరస్ అంతగా పనిచేయడంలేదు. మన దగ్గర దానికి శత్రువులు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి సమోవాలో జరిగినంత ఘోరం కోనసీమలో జరగదు. ఇది మన గొప్పేమీ కాదు, ప్రకృతి చేసిపెట్టిన ఏర్పాటు. పాడుచేయకుండా ఉంటే చాలు.

ఆ ఏర్పాటుని చేత్తో నడిపించే చోటు ఒకటి అంబాజీపేటలో ఉంది. అంబాజీపేట అనగానే అందరికీ కొబ్బరి ధరే గుర్తొస్తుంది. దుకాణాలు, వలుపు, కురిడీ, పీచు, లారీలు. ఆ సందడికి దగ్గర్లోనే డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం. గోదావరి గంగ, డబుల్ సెంచరీ లాంటి కొబ్బరి రకాలు అక్కడివే. అక్కడి జీవ నియంత్రణ ప్రయోగశాల గురించి మాత్రం తోటలున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

ఆ ప్రయోగశాలలో పురుగుల్ని చంపరు, పెంచుతారు. ముందు ధాన్యాన్ని పట్టే ఒక రెక్కల పురుగుని నూక గింజలమీద పెంచుతారు. దాని గొంగళులు మేత అవుతాయి. ఆ మేతమీద గోనియోజస్ అనే చిన్న కందిరీగ జాతిని పెంచుతారు. చీమంత ఉంటుంది, నల్లగా. గాజు గొట్టంలో తేనె బొట్టు పెట్టి ఒక గొంగళిని అందిస్తే అది చేసే పని కాసేపు కళ్లార్పకుండా చూడాల్సిందే. గొంగళి తనకంటే ఎన్నో రెట్లు పెద్దది. దానిమీదికెక్కి, విదిలించినా వదలకుండా కరుచుకుని, కొండి దించుతుంది. గొంగళి చచ్చిపోదు, కదలిక పోతుంది. అప్పుడు దాని ఒంటిమీద గుడ్లు పెడుతుంది, పదికి అటూఇటూగా. పిల్లలు ఆ ఒంటినే పీల్చుకుని పెరుగుతాయి. పురుగుల లోకంలో అరుదైన సంగతి ఇక్కడే ఉంది: గుడ్లు పెట్టి తల్లి వెళ్లిపోదు. పిల్లలు గూళ్లు కట్టుకునేదాకా పక్కనే కాపలా కాస్తుంది. ఇంకో ఆడది ఆ గొంగళి దగ్గరికొస్తే కలబడి తరిమేస్తుంది.

కొబ్బరాకు గొట్టంలో దాక్కున్న నల్లతల గొంగళిని ఇది వెతికి పట్టుకోగలదు. మనం పైనుంచి మందు కొడితే ఆ గొట్టంలోకి పోవడం కష్టం. ఇది గొట్టంలోకి దూరిపోతుంది. చెట్టుకి సుమారు 20 చొప్పున వదలాలి. వదిలేటప్పుడు ఒక మెలకువ: చెట్టు కిందనే, మాను దగ్గరే వదలాలి. పైకెక్కి మొవ్వులో వదిలితే అక్కడి సాలీళ్లు, వేటాడే నల్లిజాతి పురుగులు వాటిని తినేస్తాయి. మాను పట్టుకుని అవే పైకి పోతాయి. పురుగు ఇంకా గొంగళి దశలో ఉన్నప్పుడు వదిలితేనే ఫలితం. ముదిరి గూళ్లు కట్టాక వదిలితే వాటికి పనుండదు. బ్రాకాన్ అనే ఇంకో జాతినీ ఇలాగే వాడతారు.

కొమ్ము పురుగుకి ఈ కందిరీగ పనికిరాదు. దాని వైద్యం రెండుచోట్ల జరగాలి. పైన మొవ్వులో, కింద పెంటలో. పైన, కొక్కెమున్న ఇనుప ఊచతో పురుగుని లాగి చంపుతారు. తరవాత వేపపిండి, ఇసుక సమంగా కలిపి మొవ్వు చుట్టూ ఉన్న రెండు మూడు కమ్మల సందుల్లో పోస్తారు. ఇసుక పురుగు ఒంటికి ఒరిపిడి, వేప వాసన దానికి పడదు. కొందరు నాఫ్తలిన్ గోళీలు పెట్టి పైన ఇసుక పోస్తారు. బకెట్‌లో ఆకర్షక ఎర పెట్టి హెక్టారుకి ఒకటి కడితే ఆడా మగా రెండూ వచ్చి పడతాయి. మగ పురుగు విడిచే వాసననే కృత్రిమంగా తయారుచేసిన ఎర అది. కింద, పెంటపోగులో మెటారైజియం అనే పచ్చటి శిలీంధ్రాన్ని కలుపుతారు. అది పిల్లపురుగు ఒంటిమీద మొలకెత్తి, ఒంట్లోకి పోయి చంపేస్తుంది. చచ్చిన పురుగు మొదట తెల్లగా బిగుసుకుపోతుంది, తరవాత పచ్చటి పొడి పట్టి, ఆ పొడే పక్కనున్న పురుగులకి అంటుకుంటుంది.

వీటిలో ఏది ముఖ్యమని అడిగితే నేను పెంటపోగే అంటాను. పైన ఊచతో తీసేది ఒక్క పురుగు. కింద పెంట తిరగేస్తే ఒక్క పూటలో బయటపడేవి డజన్లు. పైగా దానికి చెట్టెక్కే మనిషి అక్కర్లేదు. ఈ రోజుల్లో కోనసీమలో అన్నిటికంటే దొరకనిది ఆ మనిషే. దింపుకే మనుషులు సరిపోనప్పుడు మొవ్వు మొవ్వుకీ ఎక్కి ఊచ పెట్టేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? దింపు కార్మికులకి మొవ్వు చూసి చెప్పినందుకు చెట్టుకింతని విడిగా ఇవ్వాలి. పైకెక్కి తోట ఆరోగ్యం చూసే మనిషి ఇంకొకరు లేరు. ఆ చూపుకి కూలి కట్టకపోవడం మన పిసినారితనం.

ఇక మందుల సంగతి. పాత పద్ధతి ఒకటుంది. బతికున్న వేరు ఒకటి వెతికి, ఏటవాలుగా కోసి, మందునీళ్లున్న పాలిథిన్ సంచిలో ముంచి కట్టడం. చెట్టు ఆ మందుని పీల్చుకుని ఆకుదాకా పంపుతుంది, ఆకు గీకిన గొంగళి చస్తుంది. ముందు కాయలన్నీ దింపేయాలి, తరవాత 45 రోజులు ఒక్క కాయ ముట్టుకోకూడదు. ఆ 45 రోజులూ బొండాం తాగకుండా ఎవరు కాపలా కాస్తారు? కమ్మలమీద పిచికారీ ఇంకా నష్టం. గొట్టంలో ఉన్న గొంగళి చాలావరకు బతికిపోతుంది. బయట తిరిగే కందిరీగలు, సాలీళ్లు చస్తాయి. మరుసటి తరం గొంగళికి శత్రువులుండరు. అప్పుడు రైతు మళ్లీ దుకాణానికి వెళ్తాడు, ఈసారి ఇంకా ఘాటైనది అడుగుతాడు. రైతుని తప్పుపట్టి లాభం లేదు. పురుగు కనిపించిన రోజు అతనికి ఎదురుగా ఉండేది మందుల దుకాణం, పరిశోధన స్థానం కాదు.

తోటల యజమానుల్లో చాలామంది ఊళ్లో లేకపోవడం అసలు బెడద. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉంటారు. తోట కౌలుకో, నమ్మకస్తుడికో అప్పగించి ఉంటారు. కౌలుదారు కాయ చూస్తాడు, అతనికి అది న్యాయమే. మూడేళ్లు నిలిచే కమ్మ గురించి ఏడాది కౌలున్నవాడు ఎందుకు ఆలోచించాలి? పెంటపోగు మూడేళ్లుగా కదలదు. మూల పడిన మోడు అక్కడే కుళ్లుతుంది. ఎవరి తప్పూ లేకుండానే పక్క రైతు మొవ్వు పోతుంది.

ఆ యజమానులే సంక్రాంతికి మాత్రం తప్పకుండా వస్తారు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడటానికి, కౌశిక ఏరు దాటించే ప్రభలకి ఫొటోలు తీయటానికి ఎంత దూరంనుంచైనా వస్తారు. పురుగుల లెక్కలో కూడా అది మంచి ముహూర్తం. గొంగళి ఉధృతి ఇంకా మొదలు కాదు, కొమ్ము పురుగు జోరుకి అయిదు నెలలు టైముంది. భోగిమంటలో పాత సామాను వేయాలని పెద్దలన్నారు. మీ తోటలో అన్నిటికంటే పాత సామాను మూలనున్న కొబ్బరి మోడే. తడి మోడు మండదంటారా, చీల్చి ఎండబెట్టించండి, లోపలి పురుగుల్ని కోళ్లు చూసుకుంటాయి.

కాబట్టి ఈ పండక్కి వచ్చినప్పుడు కాయల లెక్క అయ్యాక ఇంకో రెండు పనులు పెట్టుకోండి. పెంటపోగు దగ్గర నిలబడి అడుగుదాకా తిరగేయించండి. దింపు మనిషితో కింది కమ్మ ఒకటి కోయించి ఆకు వెనక చూడండి. గోధుమరంగు గొట్టాలు కనిపిస్తే మందు కొనకండి. ఆ ఆకు ముక్కని సంచిలో బిగించి అంబాజీపేట పరిశోధన స్థానానికో, మీ మండలం ఉద్యాన అధికారికో చూపించి, మిత్రపురుగులు ఎప్పుడు వదలాలో అడగండి. వదిలే రోజు పక్క తోట రైతుని కూడా పిలవండి. పురుగుకి మీ బోదె సరిహద్దు కాదు.